హెడ్‌ఫోన్ ప్లగ్‌లను, పోర్టబుల్ ప్లేయర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఆడియోను అర్థం చేసుకోవడం ఎలా?

కొత్త మ్యూజిక్ ప్లేయర్ చేతికి రాగానే చాలామంది చూపు ఆగేది దాని అంచున పక్కపక్కనే ఉన్న రెండు సాకెట్ల దగ్గర. ఒకటి అందరికీ తెలిసిన 3.5 మిల్లీమీటర్ల సాకెట్. రెండోది దానికంటే కాస్త వెడల్పుగానో, బాగా సన్నగానో ఉంటుంది. దాని పక్కన 'బ్యాలెన్స్‌డ్' అని రాసి ఉంటుంది. అందులో పెడితేనే అసలైన సంగీతం వినిపిస్తుందని ఒకరు చెబుతారు. అదంతా అమ్ముకోవడానికి చెప్పే మాట అని మరొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటా పక్కనపెట్టి, ప్లగ్ ఆకారాన్ని కూడా కాసేపు మరచిపోయి, ఒక్క ప్రశ్న వేసుకోండి: హెడ్‌ఫోన్‌లోకి వెళ్ళిన కరెంటు ఏ తీగ గుండా తిరిగి వస్తోంది? ఏ ప్లగ్ దేనికి పనికొస్తుందో, ఏ అడాప్టర్ ప్లేయర్‌ను పాడుచేస్తుందో, మీకు బ్యాలెన్స్‌డ్ అవసరం ఉందో లేదో, అన్నీ ఈ ప్రశ్నకు దొరికే జవాబులోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ప్లగ్ మీది గీతలు లెక్కపెట్టండి

మీ దగ్గరున్న హెడ్‌ఫోన్ ప్లగ్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. లోహపు కడ్డీ మీద అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. సాధారణంగా నల్లగా, కొన్నింటిలో తెల్లగా ఉంటాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. ఒక లోహభాగాన్ని మరో లోహభాగం నుంచి వేరుచేసే ఇన్సులేషన్ అది. రెండు గీతలుంటే మూడు లోహభాగాలు, మూడు గీతలుంటే నాలుగు, నాలుగు గీతలుంటే ఐదు. అంటే ఆ ప్లగ్ గుండా ఎన్ని తీగలు విడివిడిగా వెళ్ళగలవో ఈ గీతలే చెబుతాయి.

రెండు గీతలున్న 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌లో కొనభాగం ఎడమ చెవికి, మధ్య వలయం కుడి చెవికి, కేబుల్ వైపున్న మొదలు భాగం గ్రౌండ్‌కు, అంటే వోల్టేజీ సున్నాగా ఉండే ఉమ్మడి తీగకు. రెండు చెవుల నుంచీ తిరిగి వచ్చే కరెంటు ఆ ఒక్క మొదలు భాగం గుండానే ప్లేయర్‌లోకి చేరుతుంది. 6.35 మిల్లీమీటర్ల లావు ప్లగ్‌ది కూడా ఇదే అమరిక. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైను నుంచి మరో లైనుకు మార్చి గుచ్చిన ప్లగ్ వంశమే ఇది. దాన్ని కుదించి చేసిన 3.5 ముందు ట్రాన్సిస్టర్ రేడియోల్లోకి, 1979లో వచ్చిన వాక్‌మన్‌తో అందరి జేబుల్లోకి చేరింది. పెద్దదానికీ చిన్నదానికీ మధ్య విద్యుత్ పరంగా తేడా లేదు కాబట్టి వాటి మధ్య అడాప్టర్ ఎటువైపు వాడినా ఇబ్బంది రాదు.

మూడు గీతలున్న 3.5 ప్లగ్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ సందర్భాల్లో అది మైకు ఉన్న ఫోన్ హెడ్‌సెట్ ప్లగ్. ఇప్పటి అమరికలో కొన ఎడమ, మొదటి వలయం కుడి, రెండో వలయం గ్రౌండ్, మొదలు భాగం మైకు. పాత ఫోన్లు కొన్నింటిలో ఈ చివరి రెండూ తారుమారుగా ఉండేవి. అలాంటి చోట హెడ్‌సెట్ పెడితే ఒక వింత జరుగుతుంది: వాద్యాలు దూరంగా, బోలుగా వినిపిస్తాయి, గాయకుడి గొంతు దాదాపు మాయమవుతుంది. ప్లగ్ సగమే దూరినప్పుడు కూడా ఇదే అనుభవం. కారణం తిరుగుదారి తెగిపోవడమే. గ్రౌండ్ అందక కరెంటు ఒక చెవి గుండా వెళ్ళి రెండో చెవి గుండా వెనక్కి వస్తుంది. ఎడమ, కుడి సంకేతాల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. రెండిటిలోనూ సమానంగా ఉండే గొంతు ఆ తేడాలో రద్దైపోతుంది. ఒకసారి మామూలు 3.5 ప్లగ్‌ను సగం బయటికి లాగి ఈ శబ్దాన్ని కావాలనే విని చూడండి. తిరుగు తీగకు ఎంత విలువ ఉందో చెవికే తెలుస్తుంది.

ఇక బ్యాలెన్స్‌డ్ కోసమే, అంటే రెండు చెవుల తిరుగు తీగలను కలపకుండా ఉంచడం కోసమే, వచ్చిన ప్లగ్‌లు. 2014లో ఆస్టెల్ అండ్ కెర్న్ తన ఏకే240 ప్లేయర్‌లో నాలుగు భాగాల 2.5 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టింది. దాన్ని చూసి ఇతర తయారీదారులూ ఆ దారి పట్టారు. 4.4 మిల్లీమీటర్ల ఐదు భాగాల ప్లగ్‌కు జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం జీటా ప్రమాణం ఉంది. 'పెంటాకాన్' అనే పేరుతో కూడా పిలిచే ఈ ప్లగ్‌ను 2016లో సోనీ తన డబ్ల్యూఎం1 వాక్‌మన్‌లతో జనంలోకి తెచ్చింది. ఇప్పుడు కొత్తగా వస్తున్న ప్లేయర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. బల్ల మీద పెట్టుకునే పెద్ద యాంప్లిఫైయర్లలో నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అనే పెద్ద గుండ్రటి కనెక్టర్ ఉంటుంది. జేబులో పట్టదు కాబట్టి దాని గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పను.

అమరికలు తెలిసి ఉండటం మంచిది. ప్రతి చెవికీ వెళ్ళే రెండు తీగలనే ప్లస్, మైనస్ అంటారు. 4.4లో కొన నుంచి మొదలు వైపు వరుసగా ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్, చివరగా గ్రౌండ్. 2.5లో వరుస వేరు: కుడి మైనస్, కుడి ప్లస్, ఎడమ ప్లస్, ఎడమ మైనస్. గ్రౌండ్ ఉండదు.

రెండో అడుగు: ఆ నాలుగు తీగల్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

మామూలు 3.5 సాకెట్ వెనక రెండు యాంప్లిఫైయర్లుంటాయి, చెవికి ఒకటి. ప్రతి ఒక్కటీ తన తీగలో వోల్టేజీని పైకీ కిందికీ ఊపుతుంది. రెండో తీగ కదలకుండా గ్రౌండ్ దగ్గరే ఉంటుంది. బ్యాలెన్స్‌డ్ సాకెట్ వెనక నాలుగు యాంప్లిఫైయర్లుంటాయి, చెవికి రెండు. ఒకటి పైకి వెళ్తున్నప్పుడు దాని జంట అంతే వేగంగా కిందికి వెళ్తుంది. దుంగను కోసే పెద్ద రంపాన్ని ఇద్దరు చెరోవైపు పట్టుకుని, ఒకరు లాగుతుంటే ఒకరు తోస్తున్నట్టు. హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే తీగచుట్ట, అంటే కాయిల్‌కు కనిపించేది ఆ రెంటి మధ్య తేడా కాబట్టి అందే వోల్టేజీ రెట్టింపవుతుంది. ఇక్కడ మైనస్ తీగ గ్రౌండ్ కాదు. అది కూడా ఒక యాంప్లిఫైయర్ నోరే. ఈ వాక్యాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, నాలుగో అడుగు మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

దీనివల్ల వచ్చే మొదటి లాభం శక్తి. రెండోది చెవుల మధ్య వేరుపాటు. ఈ రెండోదాని గురించి అతిశయంగా చెప్పేవారు ఎక్కువ కాబట్టి లెక్క వేసి చూద్దాం. రెండు చెవులూ ఒకే తిరుగు తీగను పంచుకుంటున్నాయని, ఆ తీగ నిరోధం అర ఓమ్ అని, హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లదని అనుకోండి. ఎడమ చెవి కరెంటు ఆ అర ఓమ్ గుండా వెళ్ళేటప్పుడు అక్కడ చిన్న వోల్టేజీ పుడుతుంది, అది కుడి చెవిలోకి జారుతుంది. జారేది అసలు సంకేతానికి సుమారు 36 డెసిబెళ్ళు తక్కువ. శ్రద్ధగా వింటే వాద్యాల స్థానాల్లో స్వల్ప తేడా తోచవచ్చు. ఇప్పుడు అదే 3.5 ప్లగ్‌కు రెండు తిరుగు తీగలు విడివిడిగా వచ్చి, ప్లగ్ దగ్గర మాత్రమే కలిశాయనుకోండి. పంచుకునే నిరోధం 0.05 ఓమ్‌కు తగ్గితే జారేది 56 డెసిబెళ్ళు తక్కువకు పడిపోతుంది. అంటే 3.5 సాకెట్‌ను వదలకుండానే, మంచి నాలుగు తీగల కేబుల్‌తోనే ఈ లాభంలో పెద్ద భాగం చేతికి వస్తుంది. బ్యాలెన్స్‌డ్ కేబుల్ మార్చగానే వేరుపాటు పెరిగిందని చెప్పేవారిలో కొందరు నిజమే చెబుతున్నారు, కానీ ఆ మార్పు వచ్చింది ప్లగ్ వల్ల కాదు, తీగల వల్ల.

ఒక అపోహను కూడా ఇక్కడే తీర్చుకుందాం. స్టూడియోల్లో మైకు కేబుళ్ళు బ్యాలెన్స్‌డ్‌గా ఉండటానికి కారణం బయటి నుంచి చొరబడే గోల. పదుల మీటర్ల తీగలో, చాలా బలహీనమైన సంకేతం వెళ్తున్నప్పుడు, రెండు తీగలూ ఒకే గోలను సమానంగా పట్టుకుంటాయి. అవతలి చివర పరికరం రెంటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఆ గోల రద్దవుతుంది. హెడ్‌ఫోన్ కేబుల్ మీటరు పొడవుంటుంది. అందులో వెళ్ళే సంకేతం బలమైనది, అవతల దాన్ని మళ్ళీ పెంచే యాంప్లిఫైయర్ కూడా లేదు. కాబట్టి గోల తగ్గుతుందన్న ఆశతో బ్యాలెన్స్‌డ్‌కు మారవద్దు.

మూడో అడుగు: మీ హెడ్‌ఫోన్‌కు నాలుగు తీగలున్నాయా?

బ్యాలెన్స్‌డ్‌గా వాడాలంటే ఎడమ కాయిల్‌కు రెండు, కుడి కాయిల్‌కు రెండు తీగలు చివరిదాకా ఎక్కడా కలవకుండా రావాలి. కేబుల్ ఊడదీయగల ఇయర్‌ఫోన్లలో ఇది సహజంగానే ఉంటుంది. ప్రతి చెవి ముక్కకూ తన సొంత రెండు కొసలు ఉంటాయి కాబట్టి కేబుల్ మారిస్తే చాలు. రెండు కప్పుల్లోకీ విడివిడిగా కేబుల్ వెళ్ళే పెద్ద హెడ్‌ఫోన్లు కూడా అంతే.

ఒకే కప్పులోకి కేబుల్ వెళ్ళే హెడ్‌ఫోన్ల సంగతి వేరు. రెండో చెవికి వెళ్ళే తీగలు తల మీది పట్టీలోంచి వెళ్తాయి, చాలావాటిలో తిరుగు తీగలు కప్పు లోపలే కలిసిపోయి ఉంటాయి. కప్పులోని సాకెట్ మూడు భాగాలదే అయితే అది కలిసినట్టే. నాలుగు పిన్నుల చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్ గానీ నాలుగు భాగాల సాకెట్ గానీ ఉంటే అవకాశం ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలు చూసుకోవాలి. ఊడని కేబుల్ ఉన్న హెడ్‌ఫోన్ అయితే కప్పు విప్పి తీగలు మార్చడం తప్ప దారి లేదు. ఆ పని తెలిసినవారికే వదిలేయండి.

ఇయర్‌ఫోన్ వైపు ఉండే కనెక్టర్లు రకరకాలు. గుండ్రంగా ఉండి టిక్కుమని పట్టుకునేది ఎంఎంసీఎక్స్. అది చుట్టూ తిరుగుతుంది, చెవి వెనకగా కేబుల్ సర్దుకోవడానికి హాయిగా ఉంటుంది, కానీ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి లోపలి స్పర్శ వదులై, ఒక చెవి ఉండుండి ఆగిపోయే జబ్బు దీనికే ఎక్కువ. రెండు సూదులతో ఉండేది టూ పిన్. దాదాపు ఎక్కడ చూసినా 0.78 మిల్లీమీటర్ల సూదులు కనిపిస్తాయి, కొన్నిటిలో 0.75 ఉంటాయి. సన్నటి రంధ్రంలో లావు సూదిని నెట్టి గూటిని వదులు చేయవద్దు. ఇంకొక మాట: టూ పిన్ కేబుల్‌ను ఒక చెవికి తిప్పి పెడితే ఆ చెవి ప్లస్, మైనస్ తారుమారవుతాయి. పరికరానికి హాని జరగదు కానీ బాస్ నీరసించిపోయి, పాట తల మధ్యలో నిలబడకుండా చెదిరిపోతుంది. కొత్త కేబుల్ పెట్టిన వెంటనే శబ్దం పల్చబడినట్టు అనిపిస్తే ముందు దాన్నే చూడండి. చాలా కేబుళ్ళ మీద ఒక చుక్క గానీ రంగు గానీ గుర్తుగా ఉంటుంది.

నాలుగో అడుగు: అడాప్టర్ దిశ తప్పకండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇదే చదవండి.

బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న హెడ్‌ఫోన్‌ను మామూలు 3.5 సాకెట్‌లో పెట్టడానికి వాడే అడాప్టర్ సురక్షితం. దాని ఒక చివర 3.5 ప్లగ్, మరో చివర 4.4 సాకెట్ ఉంటుంది. అది చేసేది రెండు మైనస్ తీగలను కలిపి గ్రౌండ్‌కు చేర్చడం. మామూలు సాకెట్‌లో అవి ఎలాగూ కలవాల్సినవే.

దీనికి ఎదురు దిశలో ఉండే అడాప్టర్, అంటే ప్లేయర్ వైపు 4.4 లేదా 2.5 ప్లగ్, హెడ్‌ఫోన్ వైపు 3.5 సాకెట్ ఉన్నది, ప్రమాదకరం. మామూలు హెడ్‌ఫోన్‌లో రెండు మైనస్‌లూ ఒకే లోహభాగానికి కలిసి ఉంటాయి. బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో మైనస్ అంటే యాంప్లిఫైయర్ నోరు అని ముందే చెప్పుకున్నాం. ఎడమ మైనస్ యాంప్లిఫైయర్, కుడి మైనస్ యాంప్లిఫైయర్ ఒకదాని నోట్లో ఒకటి పోస్తుంటాయి. రెండింటిలో వేర్వేరు సంకేతాలుంటాయి కాబట్టి వాటి మధ్య పెద్ద కరెంటు ప్రవహిస్తుంది. రక్షణ ఉన్న ప్లేయర్ శబ్దం ఆపేస్తుంది, లేనిది వేడెక్కుతుంది, కొన్నిసార్లు శాశ్వతంగా చెడిపోతుంది. పాట వినిపిస్తోంది కదా అని ధైర్యపడవద్దు. షార్ట్‌లో కూడా కొంతసేపు పాట వినిపిస్తూనే ఉండవచ్చు.

అడాప్టర్లోని రెండు మైనస్‌లను ప్లేయర్ గ్రౌండ్‌కు కలిపినా ఇదే తప్పు జరుగుతుంది. మైనస్‌లను అసలు వాడకుండా, రెండు ప్లస్‌లనూ గ్రౌండ్‌నూ మాత్రమే తీసుకుని చేసిన 4.4 అడాప్టర్ సిద్ధాంతపరంగా పనిచేస్తుంది, కానీ పైకి చూసి లోపలి తీగలు ఎలా ఉన్నాయో చెప్పలేం. పక్కనే 3.5 సాకెట్ ఉండగా ఆ సాహసం దేనికి?

ఇదే పొరపాటు మరో వేషంలో కూడా వస్తుంది. ప్లేయర్‌ను కారు ఆక్స్‌కో, ఇంట్లోని స్పీకర్లకో కలపాలనుకున్నప్పుడు 4.4 నుంచి 3.5కు వెళ్ళే కేబుల్ వాడకూడదు. ఆ ఇన్‌పుట్లలో మైనస్‌లన్నీ గ్రౌండే. స్పీకర్లకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉంటే మాత్రం 4.4 నుంచి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లకు వెళ్ళే కేబుల్ చక్కగా సరిపోతుంది. అక్కడ ఒకటో పిన్ను గ్రౌండ్, రెండోది ప్లస్, మూడోది మైనస్. 4.4లో ఆ ఐదో భాగం ఉన్నది ఇలాంటి అవసరానికే.

2.5 నుంచి 4.4కు గానీ, 4.4 నుంచి 2.5కు గానీ వెళ్ళే అడాప్టర్లు సరైన అమరికతో చేసినవైతే భయం లేదు. నాలుగు తీగలూ అక్కడ విడివిడిగానే ఉంటాయి.

ఐదో అడుగు: మీకు అంత శక్తి కావాలా? లెక్క వేయండి

వోల్టేజీ రెట్టింపైతే సిద్ధాంతపరంగా శక్తి నాలుగింతలు, శబ్దం 6 డెసిబెళ్ళు ఎక్కువ. 3.5 సాకెట్ 2 వోల్టులు ఇస్తుందనుకుందాం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 125 మిల్లీవాట్లు అందుతాయి. బ్యాలెన్స్‌డ్‌లో 4 వోల్టులైతే 500 మిల్లీవాట్లు. కానీ 16 ఓమ్‌లకు అదే 4 వోల్టులు ఇవ్వాలంటే చెవికి 250 మిల్లీఆంపియర్ల కరెంటు కావాలి. చిన్న బ్యాటరీతో నడిచే చాలా పరికరాలు అంత ఇవ్వలేవు. అందుకే తక్కువ ఓమ్‌ల దగ్గర నాలుగింతలు సాధారణంగా రాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు కరెంటు కొంచెమే కావాలి, కావాల్సిందల్లా వోల్టేజీ. అక్కడ 13 మిల్లీవాట్ల నుంచి 53కు పెరుగుదల నిజంగానే దొరుకుతుంది. బ్యాలెన్స్‌డ్ సాకెట్ తన విలువను పూర్తిగా చూపించేది ఇక్కడే.

మీ హెడ్‌ఫోన్ వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం వస్తుందో చెప్పేది అదే. ఒక మిల్లీవాట్‌కు 98 డెసిబెళ్ళు, 300 ఓమ్‌లు అనుకోండి. 2 వోల్టుల దగ్గర అది 109 డెసిబెళ్ళ శిఖరాన్ని అందుకుంటుంది, 4 వోల్టుల దగ్గర 115. సగటున 75 డెసిబెళ్ళ దగ్గర వినేవారికి మొదటిదే ఎక్కువ. తక్కువ స్థాయిలో రికార్డయిన సంగీత కచేరీలు, సంగీతంలో మెత్తటి చోట్లకూ ఉధృతమైన చోట్లకూ మధ్య పెద్ద తేడా ఉన్న కృతులు వినేవారికి రెండోది అక్కరకొస్తుంది.

చెవిలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్ సంగతి చూడండి. మిల్లీవాట్‌కు 110 డెసిబెళ్ళు, 32 ఓమ్‌లు అయితే 80 డెసిబెళ్ళకు కావాల్సింది మిల్లీవాట్‌లో వెయ్యోవంతు, అంటే 6 మిల్లీవోల్టులకు కాస్త తక్కువ. 3.5 సాకెట్ కూడా దానికి వందల రెట్లు ఎక్కువ ఇస్తుంది. దాన్ని బ్యాలెన్స్‌డ్‌లో పెట్టడం వల్ల శక్తి విషయంలో వచ్చేది ఏమీ లేదు. పైగా వాల్యూమ్ పొరపాటున పెరిగితే చెవికే నష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ళు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా కరిగిపోతాయి. బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు మారే ప్రతిసారీ ముందు వాల్యూమ్ బాగా తగ్గించి, గెయిన్ (సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) 'లో'లో ఉందో లేదో చూసి, అప్పుడు చెవిలో పెట్టుకోండి.

ఆరో అడుగు: నష్టం వైపు కూడా చూడండి

రెండు యాంప్లిఫైయర్లు వరుసగా నిలబడినప్పుడు అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ప్లేయర్ సాకెట్ వెనక ఉండే సొంత నిరోధం, కూడా రెట్టింపవుతుంది. పెద్ద హెడ్‌ఫోన్లకు ఇది లెక్కలోకి రాదు. లోపల నాలుగైదు చిన్న డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, ఉన్న ఇయర్‌ఫోన్లకు వస్తుంది, ఎందుకంటే వాటి ఇంపిడెన్స్ స్వరస్థాయిని బట్టి ఒక చోట 6 ఓమ్‌లు, మరో చోట 30 ఓమ్‌లు ఇలా మారుతుంటుంది. ప్లేయర్ ఇంపిడెన్స్ 1 ఓమ్ అయితే ఆ రెండు చోట్ల మధ్య సుమారు 1 డెసిబెల్ తేడా పుడుతుంది. 2 ఓమ్‌లైతే దాదాపు 2 డెసిబెళ్ళు. అది చెవికి తెలిసే మార్పే. 'బ్యాలెన్స్‌డ్‌లో బాస్ మారింది, పైస్వరాలు మెరిశాయి' అని ఎవరైనా అంటే అది ఊహే అని కొట్టిపారేయను. కొన్నిసార్లు ఇదే కారణం. కానీ అది మెరుగుదల కాదు, ఇయర్‌ఫోన్ తయారుచేసినవారు ఉద్దేశించిన స్వరం నుంచి పక్కకు జరగడం.

సున్నితమైన ఇయర్‌ఫోన్లలో మరో ఇబ్బంది, పాట ఆగినప్పుడు సన్నగా వినిపించే 'స్‌స్' శబ్దం. కొన్ని ప్లేయర్లలో బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో ఇది ఎక్కువ. అర్ధరాత్రి నిశ్శబ్దంలో, పాట పెట్టకుండా, రెండు సాకెట్లలోనూ మార్చి మార్చి వినండి. ఏది నిశ్శబ్దంగా ఉందో మీ చెవే తేలుస్తుంది. బ్యాటరీ కూడా కాస్త త్వరగా అయిపోతుంది, నాలుగు యాంప్లిఫైయర్లు నడవాలి కదా.

ప్లేయర్ కొనేముందు ఇంకొకటి: వివరాల పట్టికలో 3.5కూ 4.4కూ ఒకే వోల్టేజీ, ఒకే శక్తి రాసి ఉంటే, ఆ 4.4 పేరుకు మాత్రమే ఉందేమోనని అనుమానించి అడగండి. ఆకారం పెట్టడం సులభం, వెనక నాలుగు యాంప్లిఫైయర్లు పెట్టడానికే ఖర్చవుతుంది.

ఏడో అడుగు: వాల్యూమ్ సమానం చేసి పోల్చండి

మొదటిసారి 4.4లో విన్నప్పుడు నాకు పాట కొత్తగా పుట్టినట్టు అనిపించింది. వేదిక వెడల్పైంది, వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు కూడా దగ్గరగా వచ్చింది. కొన్ని వారాల పాటు అదే నమ్మాను. తర్వాత మల్టీమీటర్ పెట్టి కొలిస్తే, అదే వాల్యూమ్ అంకె దగ్గర 4.4 దాదాపు సరిగ్గా రెట్టింపు వోల్టేజీ ఇస్తోంది. నేను విన్నది 6 డెసిబెళ్ళ ఎక్కువ శబ్దం. మనిషి చెవి కాస్త పెద్ద శబ్దాన్ని మంచి శబ్దంగా వింటుంది, ఇది అందరి చెవులకూ ఉన్న స్వభావమే.

మీరు చేయాల్సింది ఇది. 100 హెర్ట్‌జ్ స్థిరమైన టోన్ ఉన్న ఫైలు ఒకటి ప్లేయర్‌లో పెట్టుకోండి. సాధారణ మల్టీమీటర్లు ఆ స్థాయి దగ్గర ఏసీ వోల్టేజీని బాగానే కొలుస్తాయి. పాత కేబుల్‌ను కోసి తీగలు విడదీసి, కొలతకు అనువుగా చేసుకున్న 3.5 ప్లగ్ ఒకటి, 4.4 ప్లగ్ ఒకటి ఉంటే చేయి వణికి షార్ట్ అయ్యే భయం ఉండదు. 3.5లో ఎడమ తీగకూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి. 4.4లో ఎడమ ప్లస్‌కూ ఎడమ మైనస్‌కూ మధ్య కొలవండి. గ్రౌండ్‌కు కొలిస్తే సగమే కనిపించి లెక్క తప్పుతుంది. రెండు చోట్లా ఒకే అంకె వచ్చే వాల్యూమ్ స్థానాలను కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు మీకు బాగా తెలిసిన ఒక పాటలో ఒకే అర నిమిషాన్ని రెండింటిలోనూ వినండి. ప్లగ్ మార్చేది వేరొకరైతే, ఏది ఏదో మీకు చెప్పకపోతే, ఇంకా మంచిది. సమానం చేశాక కూడా తేడా వినిపిస్తే ఆ తేడాను నమ్మవచ్చు.

ఎనిమిదో అడుగు: వాడుకలో జాగ్రత్తలు, చివరి పరీక్ష

ఇప్పుడు కొత్తగా కేబుల్ కొంటుంటే 4.4 తీసుకోండి, అవసరమైతే 3.5కు తగ్గించే చిన్న అడాప్టర్ పక్కన ఉంచుకోండి. ఒకే కేబుల్ అన్నిచోట్లా పనికొస్తుంది. 2.5ను నేను సిఫారసు చేయను. అగ్గిపుల్ల అంత సన్నటి కడ్డీలో నాలుగు భాగాలు కూరారు. నా దగ్గరున్నది ప్లేయర్ జేబులో ఉండగా కుర్చీలో కూర్చున్నప్పుడు విరిగింది. కొన ముక్క సాకెట్ లోపలే ఉండిపోయింది, ప్లేయర్ విప్పితే గానీ బయటికి రాలేదు. మీ ప్లేయర్‌కు 2.5 మాత్రమే ఉంటే ఎల్ ఆకారంలో వంగిన ప్లగ్ తీసుకోండి, జేబులో పెట్టేముందు ఊడదీయండి.

ప్లగ్ దూర్చేటప్పుడు దాని భాగాలు సాకెట్‌లోని వేరే స్పర్శల మీదుగా జారుతూ వెళ్తాయి. ఆ క్షణంలో తగలకూడనివి తగలవచ్చు. పాట ఆపి పెట్టడం, పాట ఆపి తీయడం అలవాటు చేసుకోండి. తీసేటప్పుడు తీగను పట్టి లాగకుండా ప్లగ్ గూటినే పట్టుకోండి.

కొత్త బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ను, ముఖ్యంగా ఎవరో చేతితో చేసి ఇచ్చినదాన్ని, ప్లేయర్‌లో పెట్టే ముందు ఒక్కసారి కొలవండి. ఇయర్‌ఫోన్లు కేబుల్‌కు తగిలించి, చెవిలో పెట్టుకోకుండా, మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల స్థానంలో ఉంచండి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే దాని పై స్థానం. 4.4 ప్లగ్ కొన మీద ఒక మొన, మొదటి వలయం మీద రెండో మొన ఆనించండి. ఎడమ ముక్కలో చిన్న 'టక్' చప్పుడు వినిపిస్తుంది, తెర మీద హెడ్‌ఫోన్ ఓమ్‌లకు దగ్గరి అంకె కనిపిస్తుంది. రెండో వలయానికీ మూడో వలయానికీ మధ్య కుడి ముక్క అలాగే పలకాలి. ఇప్పుడు కొనకూ రెండో వలయానికీ, మొదటి వలయానికీ మూడో వలయానికీ మధ్య కొలవండి. ఏ అంకే రాకూడదు. మొదలు భాగానికీ మిగతా నాలుగింటికీ మధ్య కూడా రాకూడదు. ఎక్కడైనా అంకె వచ్చిందంటే కలవకూడని తీగలు ఎక్కడో కలిశాయని అర్థం. ఆ కేబుల్‌ను బ్యాలెన్స్‌డ్ సాకెట్ దగ్గరికి తీసుకురావద్దు, తిరిగి ఇచ్చేయండి. ఏ అంకే రాకపోతే వాల్యూమ్ తగ్గించి ప్లగ్ పెట్టండి.